బ్రెస్ట్ లిఫ్ట్: ఏ పద్ధతి ఎవరికి? చిన్న మచ్చ ఒక్కటే చూసి నిర్ణయించుకోవచ్చా?

జారిన రొమ్ములను పైకి తెచ్చే శస్త్రచికిత్సను వాడుకలో 'బ్రెస్ట్ లిఫ్ట్' అంటున్నారు. వైద్యులు 'మాస్టోపెక్సీ' అంటారు. దీని గురించి వచ్చే ప్రకటనల్లో తరచూ వినిపించేవి మూడు మాటలు: చిన్న కోత, కనిపించని మచ్చ, మర్నాడే ఇంటికి. దాంతో సంప్రదింపులకు వెళ్లే మహిళ మొదట అడిగేది కూడా మచ్చ గురించే అవుతుంది.

సర్జన్ లెక్క మాత్రం వేరుగా ఉంటుంది. చనుమొన ఎక్కడుంది, అదనపు చర్మం ఎంత, లోపల కణజాలం ఎంత మిగిలింది అనేవి ముందు చూస్తారు. కోత ఆకారం ఆ మూడింటి నుంచి వస్తుంది. ఈ వరుసను తలకిందులు చేసి, ముందే మచ్చను ఎంచుకుని ఆ కోతలో ఒళ్లు ఇమడాలనుకుంటే ఫలితం దెబ్బతింటుంది. ఒక్కోసారి రెండో ఆపరేషన్ తప్పదు.

ఖిదిర్‌పూర్ మహిళ ముందున్న దారులు

కోల్‌కతా రేవును ఆనుకుని ఉన్న ఖిదిర్‌పూర్‌లో ఉండేవారికి ఆసుపత్రులు దూరం కాదు. డైమండ్ హార్బర్ రోడ్డు మీద సీఎంఆర్ఐ, అలీపూర్‌లో వుడ్‌ల్యాండ్స్, కొఠారి వంటి ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. రేస్‌కోర్సు వైపు వెళ్తే ఏజేసీ బోస్ రోడ్డులో ప్రభుత్వ ఎస్ఎస్‌కేఎం ఆసుపత్రి వస్తుంది. జనం నోట అది ఇప్పటికీ 'పీజీ హాస్పిటలే'. అక్కడ ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. వీటికి తోడు నగరమంతా సౌందర్య చికిత్సల క్లినిక్‌లు ఉన్నాయి.

ఈ ప్రాంతానికి తెలుగువారితో పాత బంధమే ఉంది. రేవు పనులకు, హుగ్లీ తీరంలోని జనపనార మిల్లులకు ఉత్తరాంధ్ర, గంజాం నుంచి కుటుంబాలు తరలివచ్చాయి. పక్కనే గార్డెన్‌రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ ఆ రైల్వే కిందే ఉండేది. ఆ ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఇళ్లలో అమ్మతో తెలుగు, ఇరుగుపొరుగుతో బెంగాలీ లేదా హిందీ, డాక్టర్‌తో సగం ఇంగ్లిష్ నడుస్తాయి. రొమ్ముల గురించి సొంత భాషలోనే నోరు విప్పడం కష్టమైన చోట, మూడో భాషలో సర్జన్‌ను ప్రశ్నించాలంటే ముందే కొంత తెలుసుకుని వెళ్లాలి.

రొమ్ములు ఎందుకు జారతాయి?

రొమ్ములో కండరం లేదు. పాలగ్రంథులు, కొవ్వు, వాటిని పట్టి ఉంచే సన్నని తంతువులు ఉంటాయి. ఈ తంతువులను 19వ శతాబ్దిలో వర్ణించిన బ్రిటిష్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ పేరుతో 'కూపర్ లిగమెంట్లు' అంటారు. వయసుతో అవి సాగుతాయి, చర్మం బిగువు తగ్గుతుంది. గర్భంతో ఉన్నప్పుడు గ్రంథులు పెరిగి చర్మాన్ని సాగదీస్తాయి, తర్వాత అవి కుంచించుకుపోయినా చర్మం మునుపటిలా వెనక్కి రాదు. బాగా బరువు పెరిగి తగ్గినవారిలోనూ ఇదే జరుగుతుంది.

మన ఇళ్లలో నింద ఎక్కువగా పాలివ్వడం మీద పడుతుంది. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ సర్జన్ బ్రయన్ రింకర్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం దీన్ని పరిశీలించింది. వయసు, శరీర బరువు, గర్భాల సంఖ్య, గర్భానికి ముందు రొమ్ముల పరిమాణం, పొగతాగడం జారడాన్ని పెంచుతున్నాయని, పాలివ్వడం విడిగా కారణం కావడం లేదని తేల్చింది. కాబట్టి ఆకారం పోతుందన్న భయంతో బిడ్డకు పాలు మానేయడంలో అర్థం లేదు.

వ్యాయామం ఛాతీ కండరాన్ని పెంచుతుంది. ఆ కండరం రొమ్ముకు వెనక ఉంటుంది కాబట్టి జారిన చర్మాన్ని బిగించలేదు. పూతలు, నూనెలు, మర్దన కూడా ఆ పని చేయలేవు. సరైన కొలతతో కొన్న బ్రా వేసుకున్నంతసేపు ఆకారమిస్తుంది. చాలామందికి అదే చాలు. జారడం జబ్బు కాదు, ఆపరేషన్ చేయించుకోకపోతే ఆరోగ్యానికి వచ్చే నష్టం లేదు.

అన్నిటికంటే ముందు: ఎంత జారింది?

కెనడాకు చెందిన ప్లాస్టిక్ సర్జన్ పౌల్ రెనో అనే మహిళ 1976లో ప్రచురించిన వర్గీకరణను సర్జన్లు ఇప్పటికీ వాడుతున్నారు. రొమ్ము కింది అంచు ఛాతీని కలిసే మడతకు, చనుమొనకు మధ్య దూరమే దీనికి ఆధారం.

మొదటి దశ: చనుమొన దాదాపు మడత ఎత్తులోనే ఉంటుంది.

రెండో దశ: మడత కంటే 1 నుంచి 3 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, అయినా రొమ్ములో అన్నిటికంటే కింది భాగం అది కాదు.

మూడో దశ: 3 సెంటీమీటర్లకు మించి దిగి, రొమ్ము కొసన నేల వైపు చూస్తుంటుంది.

ఇవి కాక 'సూడోటోసిస్' అనే స్థితి ఉంది. ఇందులో చనుమొన మడతకు పైనే ఉంటుంది, కింది భాగం మాత్రం వేలాడుతుంది. చూడ్డానికి జారినట్టే ఉన్నా చికిత్స వేరు.

ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. అద్దం ముందు నిటారుగా నిలబడి, రొమ్ము కింది మడతలో స్కేలును అడ్డంగా పెట్టి, చనుమొన దానికి పైనుందా కిందుందా చూసుకోవాలి. సర్జన్ టేపుతో ఇంకా కొన్ని కొలుస్తారు: మెడ కింది గుంట నుంచి చనుమొనకు దూరం, చనుమొన నుంచి మడతకు దూరం, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం వెడల్పు, రెండు రొమ్ముల మధ్య తేడా. నిలబెట్టి కొలతలు తీయకుండా, ఫోన్‌లో పంపిన ఫొటో చూసి పద్ధతి ఖరారు చేసే క్లినిక్‌ను నమ్మకూడదు.

ప్రధాన పద్ధతులు

1. అర్ధచంద్ర కోత

నల్లటి వలయం పై అంచున నెలవంకలా కాస్త చర్మం తీసేస్తారు. చనుమొన ఒక సెంటీమీటరు వరకు పైకి వస్తుంది. మచ్చ చాలా చిన్నది. లాభమూ అంతే చిన్నది. రొమ్ము ఆకారం మారదు, వలయం నిలువుగా సాగినట్టు కనిపించే ప్రమాదం ఉంది. రెండు రొమ్ముల మధ్య కొద్దిపాటి తేడా సరిచేయడానికి, లేదా ఇంప్లాంట్ పెట్టేటప్పుడు చిన్న సర్దుబాటుగా ఇది పనికొస్తుంది.

2. వలయం చుట్టూ కోత

దీన్ని 'డోనట్ లిఫ్ట్' అని కూడా అంటారు. వలయం చుట్టూ గుండ్రంగా చర్మం తీసి, సంచి మూతిని తాడుతో బిగించినట్టు శాశ్వత కుట్టుతో దగ్గరకు లాగుతారు. పారిస్ సర్జన్ లూయీ బెనెలీ 1990లో 'రౌండ్ బ్లాక్' పేరుతో ప్రచురించిన విధానం దీనికి ప్రసిద్ధి తెచ్చింది. చర్మం రంగు మారే అంచులోనే మచ్చ కలిసిపోతుంది. 'మచ్చ కనిపించదు' అనే ప్రకటనల వెనక ఎక్కువగా ఉండేది ఇదే.

చిన్న, మధ్యస్థ రొమ్ములు, మొదటి దశ జారడం, పెద్దగా సాగిన వలయం ఉన్నవారికి ఇది బాగుంటుంది. చనుమొనను 2 సెంటీమీటర్లకు మించి పైకి తేవాల్సి వస్తే చిక్కులు మొదలవుతాయి. ఎక్కువ చర్మాన్ని చిన్న వలయంలోకి లాగడంతో చుట్టూ కుచ్చిళ్లు పడతాయి, రొమ్ము ముందుభాగం బల్లపరుపుగా అవుతుంది. కాలం గడిచేకొద్దీ వలయం మళ్లీ వెడల్పవుతుంది, మచ్చ కూడా సాగుతుంది. చిన్న మచ్చ కావాలని పట్టుబట్టి ఎంచుకున్న వారికి తర్వాత దొరికేది తరచూ వెడల్పాటి మచ్చే.

3. నిలువు కోత

వలయం చుట్టూ ఒక కోత, అక్కడి నుంచి మడత దాకా నిలువుగా మరో కోత. చుపా చుప్స్ మిఠాయి ఆకారంలో ఉండడంతో 'లాలీపాప్' అని పిలుస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ లస్సూస్ దీనికి పునాది వేశారు. బెల్జియంకు చెందిన మడెలైన్ లెజూర్ 1990ల్లో ప్రచారంలోకి తెచ్చారు. కెనడా సర్జన్ ఎలిజబెత్ హాల్-ఫిండ్లే 1999లో ప్రచురించిన మార్పులతో సర్జన్లు నేర్చుకోవడానికి ఇది సులువైంది.

పై రెండింటికీ దీనికీ అసలు తేడా లోపలి పనిలో ఉంది. ఇక్కడ చర్మాన్ని బిగించడంతో ఆగరు. గ్రంథి కణజాలాన్ని కూడా ఇటూ అటూ దగ్గరికి చేర్చి లోపల కుట్టేస్తారు. ఆకారాన్ని ప్రధానంగా ఆ లోపలి స్తంభాలే నిలబెడతాయి. అందుకే రొమ్ము ముందుకు పొడుచుకొచ్చినట్టుగా, ఇరుకుగా రూపొందుతుంది. రెండో దశ వారికి, కొందరు మూడో దశ వారికి సరిపోతుంది.

ఓపిక కావాల్సిన పద్ధతి ఇది. తొలి వారాల్లో పై భాగం మరీ ఉబ్బెత్తుగా, కింద బల్లపరుపుగా కనిపిస్తుంది. నిలువు గీత చివర చర్మం ముడతలు పడుతుంది. మూడు నుంచి ఆరు నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోని ముడతను మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్నగా సరిచేస్తారు.

4. తలకిందుల 'టీ' కోత

వలయం చుట్టూ, నిలువుగా, మడత వెంబడి అడ్డంగా కోస్తారు. 'లంగరు' కోత అని కూడా అంటారు. రేవులో లంగరు చూసిన ఖిదిర్‌పూర్ వారికి ఆకారం వేరే చెప్పనక్కర్లేదు. అమెరికాలోని హ్యూస్టన్ సర్జన్ రాబర్ట్ వైజ్ 1956లో ప్రచురించిన నమూనా దీనికి ఆధారం. బ్రా కుట్టడానికి వాడే కత్తిరింపు నమూనాల నుంచే ఆయన ఆ గీతలు తీసుకున్నారు.

మూడో దశ, పెద్ద రొమ్ములు, బరువు బాగా తగ్గాక వేలాడే చర్మం ఉన్నవారికి ఇది నమ్మదగ్గ పద్ధతి. చర్మం నిలువుగా, అడ్డంగా రెండు దిశల్లోనూ తగ్గుతుంది. ఆపరేషన్ బల్ల మీద కనిపించిన ఆకారానికి, ఆరు నెలల తర్వాతి ఆకారానికి తేడా తక్కువ. మచ్చ అన్నిటికంటే పొడవైనదే, కానీ అడ్డగీత రొమ్ము కింది మడతలో దాగుతుంది. నిలువు, అడ్డగీతలు కలిసే మూలలో రక్తప్రసరణ తక్కువ కాబట్టి అక్కడ పుండు ఆలస్యంగా మానడం సాధారణంగా ఎదురయ్యే ఇబ్బంది. ఆకారం చర్మం బిగువు మీదే ఆధారపడేలా చేస్తే కొన్నేళ్లకు కింది భాగం మళ్లీ దిగుతుంది. అందుకే లోపలి కణజాలాన్ని ఎలా నిలబెడతారో ఇక్కడ కూడా అడగాలి.

నిలువు కోతకు, లంగరు కోతకు మధ్య 'ఎల్' ఆకారపు కోత ఉంది. అడ్డగీత బయటివైపు మాత్రమే ఉంటుంది. ఛాతీ మధ్యభాగంలో మచ్చలు ఉబ్బే స్వభావం ఎక్కువ. ఆ వైపు కోత లేకపోవడం దీనిలోని సౌకర్యం.

కోత ఒకటి, లోపలి పని మరొకటి

పైన చెప్పినవన్నీ చర్మం మీది గీతలు. చనుమొనను కొత్త చోటుకు జరిపేటప్పుడు దాన్ని పూర్తిగా వేరు చేయరు. రక్తనాళాలు, నరాలు ఉన్న ఒక కణజాల కాడకు అంటిపెట్టుకునే జరుపుతారు. దీన్ని 'పెడికిల్' అంటారు. పైనుంచి, లోపలివైపు నుంచి, కింది నుంచి ఏ వైపైనా దాన్ని ఉంచవచ్చు. చనుమొన స్పర్శ, రక్తప్రసరణ, తర్వాత పాలిచ్చే అవకాశం ఎక్కువగా ఈ కాడ మీద ఆధారపడతాయి. 'మీరు ఏ కోత పెడతారు' అని అడిగేవారు 'ఏ పెడికిల్ వాడతారు, ఎందుకు' అని కూడా అడగడం మంచిది. అలవాటున్న సర్జన్ దానికి తడుముకోకుండా జవాబు చెబుతారు.

మూడు ఊహా ఉదాహరణలు

ఒకే వీధిలోని ముగ్గురు మహిళలను ఊహించుకుందాం.

మొదటామెకు 29 ఏళ్లు, ఒక బిడ్డ, చిన్న రొమ్ములు. చనుమొన మడత ఎత్తులోనే ఉంది, వలయం సాగింది. వలయం చుట్టూ కోత ఆమెకు సరిపోవచ్చు. మరో బిడ్డ కావాలనుకుంటే మాత్రం ఆగడమే మేలు, ఎందుకంటే ఇంకో గర్భం వచ్చాక చర్మం మళ్లీ సాగుతుంది.

రెండో ఆమెకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. చనుమొన మడతకు 2 సెంటీమీటర్లు కిందుంది, కణజాలం తగినంత ఉంది. నిలువు కోత ఆమెకు మొదటి ఎంపిక. నిలువు గీత ఇష్టం లేక వలయం కోతకే మొగ్గితే, ఆకారం బల్లపరుపయ్యే ముప్పును తెలిసి ఒప్పుకున్నట్టే.

మూడో ఆమెకు 45 ఏళ్లు. బేరియాట్రిక్ సర్జరీ తర్వాత బాగా బరువు తగ్గారు. చనుమొనలు నేలను చూస్తున్నాయి, పైభాగం ఖాళీ అయింది. లంగరు కోత అవసరం. కింద అదనంగా ఉన్న సొంత కణజాలాన్ని పారేయకుండా మడిచి పైకి జరిపి నింపే వీలుందా అని అడగవచ్చు. దీన్ని 'ఆటో ఆగ్మెంటేషన్' అంటారు.

ఇంప్లాంట్ కూడా కావాలా?

లిఫ్ట్ పరిమాణాన్ని పెంచదు. చర్మం తీసేస్తారు కాబట్టి బ్రా కప్పు కాస్త చిన్నదే కావచ్చు. పైభాగంలో నిండుదనం కావాలంటే సిలికాన్ ఇంప్లాంట్ లేదా పొట్ట, తొడల నుంచి తీసిన సొంత కొవ్వు వాడతారు.

లిఫ్ట్‌ను, ఇంప్లాంట్‌ను ఒకే ఆపరేషన్‌లో చేస్తే ఖర్చు, మత్తు ఒక్కసారితో పోతాయి. అయితే ఒకటి చర్మాన్ని తగ్గిస్తుంది, రెండోది అదే చర్మాన్ని లోపలి నుంచి సాగదీస్తుంది. అందుకే విడివిడిగా చేసినదానికంటే మళ్లీ సరిచేయాల్సిన అవకాశం ఇందులో ఎక్కువ. జారడం ఎక్కువగా ఉన్నవారికి కొందరు సర్జన్లు ముందు లిఫ్ట్, కొన్ని నెలల తర్వాత ఇంప్లాంట్ సూచిస్తారు.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి లేదా తీయాలి. గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లతో అరుదైన లింఫోమా క్యాన్సర్‌కు సంబంధం కనిపించడంతో, 2019 జులైలో అలెర్గాన్ సంస్థ తన బయోసెల్ రకాన్ని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. ఏ సంస్థ, ఏ రకం, ఏ సీరియల్ నంబరు అన్నది రాసిన కార్డును రోగి దగ్గర ఉంచుకోవాలి.

'ఇంటర్నల్ బ్రా' పేరుతో లోపల మెష్ వేయడమూ ప్రచారంలో ఉంది. రొమ్ము శస్త్రచికిత్సలో వాడేందుకు తాము ఏ మెష్‌కూ అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2023 నవంబరులో వైద్యులకు రాసిన లేఖలో గుర్తుచేసింది. దాన్ని సూచించే సర్జన్‌ను లాభనష్టాల గురించి గట్టిగానే అడగాలి. దారాలతో లాగే 'థ్రెడ్ లిఫ్ట్' అదనపు చర్మాన్ని తీయలేదు కాబట్టి బరువున్న రొమ్మును ఎక్కువ కాలం నిలబెట్టలేదు.

మచ్చలు: మన చర్మం సంగతి

ముదురు రంగు చర్మంలో మచ్చ ఉబ్బడం, కీలాయిడ్‌గా పెరగడం, నల్లబడడం లేత చర్మంలో కంటే ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోట, టీకా వేసిన చోట గడ్డలా పెరిగిన మచ్చ ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ ఉంటే అది తప్పకుండా చెప్పాలి. ఎంపికను మార్చగలిగే సమాచారం అది.

మచ్చ తొలి నెలల్లో ఎర్రగా, గట్టిగా ఉంటుంది. పూర్తిగా పాకానికి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. సిలికాన్ జెల్ లేదా షీట్లు వాడతారు, ఉబ్బితే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. చీర జాకెట్టు, చుడీదార్ కింద ఈ మచ్చల్లో ఏదీ బయటికి కనిపించదు. బట్టల్లోనూ అద్దంలోనూ ఆకారం రోజూ కనిపిస్తుంది. రెండిట్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలన్నది ఆ మహిళ మాత్రమే తేల్చుకోగలిగిన విషయం.

ఎవరు ఆగాలి? ముందు ఏం చూడాలి?

గర్భంతో ఉన్నవారు, పాలిస్తున్నవారు ఆగాలి. పాలు మాన్పించాక కనీసం మూడు నుంచి ఆరు నెలలు గడవాలి. బరువు ఆరు నెలలుగా నిలకడగా ఉండాలి. మధుమేహం అదుపులో ఉండాలి. 40 దాటినవారికి, ఇంట్లో రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉన్నవారికి ముందు మామోగ్రామ్ అవసరం. ఆపరేషన్ తర్వాత లోపల మచ్చ కణజాలం వల్ల స్కానింగ్ చిత్రం మారుతుంది కాబట్టి, పాత చిత్రం పోల్చుకోవడానికి కూడా పనికొస్తుంది. గడ్డ తగిలితే అందం సంగతి తర్వాత, ముందు దాని పరీక్ష.

నికోటిన్ చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది, చనుమొన చర్మం చచ్చిపోయే ముప్పు పెంచుతుంది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత కనీసం నాలుగు వారాలు మానాలి. సిగరెట్, బీడీతో పాటు ఖైనీ, జర్దా పాన్, గుట్కాలోనూ నికోటిన్ ఉంటుంది. 'పొగ తాగుతారా' అని అడిగితే 'లేదు' అని ఊరుకోకుండా జర్దా అలవాటును కూడా చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత

మత్తు ఇచ్చి చేసే ఈ ఆపరేషన్‌కు సాధారణంగా రెండు, మూడు గంటలు పడుతుంది. అదే రోజో, మర్నాడో ఇంటికి పంపుతారు. కూర్చుని చేసే పనికి ఒకటి రెండు వారాల్లో వెళ్లవచ్చు. నీళ్ల బకెట్లు, బియ్యం సంచులు, బిడ్డను ఎత్తడం నాలుగు నుంచి ఆరు వారాలు కుదరదు. పంపు దగ్గర నీళ్లు పట్టుకునే ఇంట్లో, పై అంతస్తులో ఉండే ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో ముందే అనుకోవాలి.

ఆరు వారాల పాటు పగలూ రాత్రీ సపోర్ట్ బ్రా వేసుకోవాలి. కోల్‌కతా ఉక్కపోతలో ఇది తేలిక కాదు. మడతలో చెమట నిలిస్తే కుట్లు నానుతాయి. వీలుంటే చలికాలం మేలు. దుర్గాపూజ నాటికి అంతా సర్దుకోవాలనుకునేవారు నెల ముందు కాకుండా, కనీసం ఆరు నెలల ముందు ప్రణాళిక వేసుకోవాలి.

లోపల రక్తం గడ్డకట్టడం, ఇన్‌ఫెక్షన్, రెండు వైపులా తేడా, చనుమొన స్పర్శ తగ్గడం, కొవ్వు గట్టిపడి గడ్డలా తగలడం వంటి ఇబ్బందులు రావచ్చు. చనుమొన రక్తప్రసరణ దెబ్బతినడం అరుదు, వస్తే తీవ్రం. తర్వాతి కాన్పులో పాలివ్వడం చాలామందికి సాధ్యమే అయినా ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏ పద్ధతీ వయసును, భూమ్యాకర్షణను ఆపదు. కాలక్రమంలో కొంత జారడం మళ్లీ ఉంటుంది.

ఖర్చు, బీమా, పన్ను

ఆరోగ్య బీమా సంస్థలకు ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ప్రామాణిక మినహాయింపుల్లో ఎనిమిదో కోడ్ ఈ శస్త్రచికిత్సల గురించే. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణం, లేదా వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టర్ ధ్రువీకరించిన చికిత్స అయితే తప్ప, రూపం మార్చుకోవడానికి చేసే ఆపరేషన్‌కు డబ్బు రాదు. వైద్యసేవలకు ఉండే జీఎస్టీ మినహాయింపు కూడా అందం కోసం చేసే శస్త్రచికిత్సకు వర్తించదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. బరువైన రొమ్ములతో మెడ, భుజాల నొప్పి, మడత కింద తరచూ ఒరుపు, పుండ్లు వస్తుంటే అవసరమయ్యేది బహుశా 'బ్రెస్ట్ రిడక్షన్'. కోతలు ఇవే అయినా లోపలి కణజాలాన్ని తగ్గిస్తారు. ఇది వైద్య అవసరం కిందికి రావచ్చు. బాధలను, వాడిన మందులను రికార్డు చేయించుకుని, బీమా సంస్థను ముందే రాతపూర్వకంగా అడగాలి. ప్రభుత్వాసుపత్రిలో కూడా ముందు ఈ బాధ గురించే చెప్పాలి. చెన్నైలోని స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో 2018లో పేదలకు ఉచిత రొమ్ము శస్త్రచికిత్సల సేవ మొదలైనప్పుడు, ప్రభుత్వ డబ్బును అందానికి ఖర్చు చేయవచ్చా అన్న చర్చ దేశమంతా నడిచింది. శరీరం వల్ల కలిగే బాధ డబ్బున్నవారికి మాత్రమే ఉండదన్నది దాన్ని సమర్థించినవారి వాదన.

ప్రైవేటులో చెప్పే ప్యాకేజీలో సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్, థియేటర్, గది, మందులు, బ్రా, పన్ను అన్నీ ఉన్నాయా అని రాయించుకోవాలి. మళ్లీ సరిచేయాల్సి వస్తే ఖర్చు ఎవరిదన్నది అందులోనే తేలాలి.

సర్జన్ అర్హత, సంతకం

ఎంబీబీఎస్, ఎంఎస్ తర్వాత మూడేళ్ల ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ, లేదా దానికి సమానమైన జాతీయ బోర్డు డిగ్రీ ఉండాలి. 'కాస్మెటాలజిస్ట్' అన్న బోర్డు దానికి సాటి రాదు. పేరును రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో చూసుకోవచ్చు. పశ్చిమ బెంగాల్‌లో ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్‌లు 2017 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కిందికి వస్తాయి. బిల్లులు, సేవల మీద ఫిర్యాదులు వినడానికి ఆ చట్టం కింద రాష్ట్ర కమిషన్ ఉంది.

సమ్మతి విషయంలో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనంతో కీలక తీర్పు ఇచ్చింది. చికిత్స స్వరూపం, ప్రత్యామ్నాయాలు, ముప్పులు రోగికి తెలియాలి, ఒకదానికి ఇచ్చిన సమ్మతితో ప్రాణాపాయం లేనప్పుడు మరొకటి చేయకూడదు, మేజరైన రోగి తరఫున ఇంట్లోవాళ్లు ఇచ్చిన అనుమతి చెల్లదు అన్నది దాని సారాంశం. భర్త, అత్తగారు సంతకం పెట్టినంత మాత్రాన చాలదు, వాళ్లు వద్దంటే ఆమె హక్కు పోదు. ఫారం అర్థంకాని భాషలో ఉంటే తెలిసిన భాషలో చదివి వినిపించమని అడగాలి. నిలువు కోతకు ఒప్పుకున్నాక బల్ల మీద లంగరు కోతగా మారే అవకాశం ఉంటే, అదీ ముందే కాగితం మీద ఉండాలి.

సర్జన్‌ను అడగాల్సినవి

నాది ఏ దశ? కొలతలు ఏమొచ్చాయి?

ఈ పద్ధతే ఎందుకు? దీనికంటే చిన్న కోత పెడితే ఏం పోతుంది, పెద్దది పెడితే ఏం వస్తుంది?

ఏ పెడికిల్ వాడతారు? లోపలి కణజాలాన్ని ఎలా నిలబెడతారు?

నాలాంటి చర్మం, నాలాంటి ఒడ్డూపొడవూ ఉన్నవారి ఏడాది తర్వాతి ఫొటోలు చూపగలరా?

మీ రోగుల్లో మళ్లీ సరిచేయాల్సి వచ్చేది ఎందరికి?

నా ఫొటోలు ఎవరి దగ్గర ఉంటాయి? ప్రకటనల్లో వాడరని రాసిస్తారా?

రాత్రిపూట ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

ఇంటికి వచ్చాక ఒక రొమ్ము హఠాత్తుగా ఉబ్బి గట్టిపడినా, చనుమొన నల్లగా లేదా నీలంగా మారినా, జ్వరంతో చీము కారినా, ఊపిరి ఆడకపోయినా, పిక్క వాచి నొప్పి పుట్టినా తెల్లారేదాకా ఆగకూడదు. ఆపరేషన్ చేసిన సర్జన్ ఫోన్ ఎత్తకపోతే దగ్గరలోని ఎమర్జెన్సీకి వెళ్లాలి. డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లడం మరవకూడదు.